పాత ఆట ఆగితే కొత్త కార్డును తిట్టకుర్రి

పైసా పైసా కూడబెట్టి కంప్యూటర్ల కొత్త గ్రాఫిక్స్ కార్డు ఏయించుకుంటరు. నిన్న మొన్న వచ్చిన పెద్ద పెద్ద ఆటలు సాఫ్‌గ నడుస్తయి. అదే చిన్నప్పుడు నెట్ సెంటర్ల గంటకు ఇన్ని పైసలని కట్టి ఆడిన పాత ఆట ఎక్కిస్తే మాత్రం తెర నల్లగైతది, ఒక్క ఎర్రర్ డబ్బా కూడ రాకుండ మళ్ల డెస్క్‌టాప్ కనబడ్తది. ఇరవై ఏండ్ల కింది ఆటను మొయ్యలేనిది ఇదేం కార్డు అని పోరగాళ్లు పరేషాన్ అయితరు.

దుకాణంల అడిగితే మూడు జవాబుల్ల ఒకటి వస్తది. ఒకటి, కార్డు ఖరాబైంది. రెండు, విండోస్ మళ్ల ఎక్కించాలె. మూడు, పాత ఆటలు ఇప్పుడు నడ్వయి, ఇడిసిపెట్టు. నేను అనేదేందంటే, ఈ మూడు కూడ విచారణ చెయ్యకుండ ఇచ్చే తీర్పులు. ఒక్కోసారి నిజం కావచ్చు. కానీ చూడకుండ చెప్పిన మాటకు పైసలు కట్టేది మనం. ఆట ఎందుకు ఆగిందో ముందుగాల తెల్సుకోవాలె, జేబుల చెయ్యి పెట్టుడు తర్వాత. తెల్సుకునేటందుకు పైసా ఖర్చు లేదు, ఇంజనీరింగ్ చదువు కూడ అక్కర లేదు.

కాగితం మంచిదే, చదివేటోళ్లే లేరు

మన తెలంగాణ ఊర్లల్ల కొందరి ఇండ్లల్ల నిజాం కాలం నాటి భూమి కాగితాలు ఇప్పటికీ ఉన్నయి. అవి ఉర్దూల ఉంటయి. అవి పట్టుకొని ఇప్పటి ఆఫీసుకు పోతే చదివేటోళ్లు దొరకరు. అట్లని కాగితం తప్పు కాదు, ఆఫీసరు తప్పూ కాదు. నడుమ తర్జుమా చేసేటాయన కావాలె. పాత ఆటకు, కొత్త కార్డుకు నడుమ ఉన్న పంచాది గూడ దాదాపు ఇట్లాంటిదే.

ఆట నేరుగ కార్డుతోని మాట్లాడదు. డైరెక్ట్ఎక్స్ లేకుంటే ఓపెన్ జీఎల్ అనే భాషల "ఇక్కడ గోడ గియ్యి, ఇక్కడ నీడ ఎయ్యి" అని చెప్తది. కార్డు డ్రైవర్ ఆ మాట విని, కార్డుకు అర్థమయ్యేటట్టు చెప్తది. 2003ల కంప్యూటర్ మీదికొచ్చిన వైస్ సిటీ డైరెక్ట్ఎక్స్ 8 తోని మాట్లాడ్తది. 2005ల వచ్చిన శాన్ ఆండ్రియాస్ డైరెక్ట్ఎక్స్ 9 తోని. ఇప్పటి కార్డులు డైరెక్ట్ఎక్స్ 12, వల్కన్ అనే కొత్త భాషలను మనసుల పెట్టుకొని చేసినయి. పాత భాష డ్రైవర్ల ఇంకా ఉంటది గానీ, దాని మీద కంపెనీలకు ఎన్కటి అంత ధ్యాస ఉండదు.

ఇంటెల్ 2022ల ఆర్క్ కార్డులు తెచ్చినప్పుడు ఈ సంగతి బయటవడ్డది. వాటిల డైరెక్ట్ఎక్స్ 9 నేరుగ లేదు. ఆ మాటలను డైరెక్ట్ఎక్స్ 12 లకు మార్చి నడిపించిన్రు. మొదట్ల పాత ఆటలు తడబడ్డయి. తర్వాత డ్రైవర్లు మార్చుకుంట పోతే అవే ఆటలు అవే కార్డుల మీద మంచిగ ఉరికినయి. కార్డు మారలే, తర్జుమా మారింది.

తప్పు ఆటలనే దాక్కొని ఉంటది

ఇంకో సంగతి చెప్త. ఇది గ్రాఫిక్స్ కార్డుది కాదు గానీ, పాత ఆటలు ఎట్ల ఆగుతయో దీనంత మంచిగ చెప్పేది ఇంకోటి లేదు. విండోస్ 11 కు 24హెచ్2 అనే పెద్ద అప్‌డేట్ వచ్చినంక శాన్ ఆండ్రియాస్‌ల స్కిమ్మర్ అనే నీళ్ల విమానం మాయమైంది. బలవంతంగ తెప్పించి ఎక్కితే మనిషిని ఆకాశంలకు ఇసిరి కొట్టింది. అందరు మైక్రోసాఫ్ట్‌ను తిట్టిన్రు. సైలెంట్ అనే పేరుతోని ఈ ఆటకు ప్యాచ్‌లు చేసే ఒకాయన ఓపికగ లోపటికి దిగి, 2025 ఏప్రిల్‌ల అసలు సంగతి బయటపెట్టిండు.

ఆటల బండ్ల లెక్కలు రాసిన ఒక ఫైల్ ఉంటది. అందుల స్కిమ్మర్ లైన్ల చక్రాల సైజు చెప్పే అంకెలు రాయనే లేదు. వైస్ సిటీల అది పడవ లెక్కల ఉండె, పడవకు చక్రాలెందుకు? శాన్ ఆండ్రియాస్‌ల దాన్ని విమానం చేసిన్రు గానీ అంకెలు పెట్టుడు మర్శిపోయిన్రు. మరి ఇరవై ఏండ్లు ఎట్ల నడిచింది? అంకె లేని కాడ, అంతకుముందు చదివిన బండి అంకె మెమరీల మిగిలి ఉంటే దాన్నే వాడుకున్నది. కొత్త విండోస్ ఆ జాగను తన పనికి వాడుకునేసరికి అక్కడ ఉట్టి చెత్త మిగిలింది. అంటే విండోస్ చెడగొట్టలే. పాత తప్పును ఇన్నేండ్లు కప్పిపెట్టిన అదృష్టం అయిపోయింది, అంతే.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర గూడ ఇట్లనే అయితది. క్వేక్ 3 ఇంజిన్ మీద కట్టిన కొన్ని పాత ఆటలున్నయి. అవి స్టార్ట్ కాంగనే "నీకు ఏమేం పనులొస్తయి" అని డ్రైవర్‌ను అడుగుతయి. అప్పటి కార్డులు చిన్న జాబితా ఇచ్చేటియి. ఇప్పటి కార్డుకు వందల పనులొస్తయి, జాబితా చాంతాడంత ఉంటది. రాసుకునేటందుకు ఆట పెట్టుకున్న జాగ చిన్నది. జాబితా పొంగి పక్క మెమరీ మీద పడ్తది, ఆట కూలుతది. కార్డు పనికిరాక ఆగలే, పని ఎక్కువొచ్చి ఆగింది.

ముందుగాల నివేదిక చదువుర్రి

విండోస్ చాన క్రాష్‌లను రాసిపెడ్తది. మనమే చూడం. స్టార్ట్ మెనూల రిలయబిలిటీ అని కొట్టుర్రి, "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" అని వస్తది. తెరిస్తే తేదీల వారీగ ఎర్ర గుర్తులు కనబడ్తయి. ఆట ఆగిన రోజును నొక్కి టెక్నికల్ డీటెయిల్స్ చూడుర్రి. అందుల "ఫాల్టింగ్ మాడ్యూల్" లేకుంటే "ఫాల్ట్ మాడ్యూల్" అనే లైనే మనకు పట్టె.

అక్కడ ఆట పేరే ఉంటే, ఆట లోపట్నే ఏదో తప్పు జరిగిందని మొదటి అనుమానం. ఎన్‌వీ తోని మొదలయ్యే పేరుంటే ఎన్‌విడియా డ్రైవర్ దిక్కు, ఏటీఐ లేకుంటే ఏఎండీ తోని మొదలైతే ఏఎండీ డ్రైవర్ దిక్కు చూడాలె. తెర మీద ఎఫ్‌పీఎస్ చూపించే సాఫ్ట్‌వేర్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పేరుంటే అడ్డం పడ్డది అదే. ఎక్సెప్షన్ కోడ్ సీ0000005 అని ఉంటే, తనది కాని మెమరీ జాగల ఆట చెయ్యి పెట్టిందని అర్థం. పక్కోని చేన్ల నాగలి పెట్టినట్టు.

అదే చోట "హార్డ్‌వేర్ ఎర్రర్" అని, లైవ్ కెర్నల్ ఈవెంట్ 141 అని వస్తే జర జాగ్రత్త. విండోస్ అడిగిన పనికి కార్డు టైంకు జవాబియ్యలేదని దాని మతలబు. మామూలుగ విండోస్ రెండు సెకన్లు చూస్తది, జవాబు రాకుంటే డ్రైవర్‌ను ఆపి మళ్ల లేపుతది. ఇది డ్రైవర్ తోని గూడ రావచ్చు. కానీ కొత్త ఆటల్ల గూడ ఇదే వస్తుంటే, తెర మీద రంగురంగుల మచ్చలు పడుతుంటే, సిస్టం మొత్తం ఆఫ్ అయితుంటే అప్పుడు వేడి, దుమ్ము, పవర్ సప్లై, కార్డు వరుసగ చూపించుకోవాలె. మన ఊర్ల కరెంటు ఎట్ల వచ్చిపోతదో తెల్సిందే కద, పవర్ సప్లై మీద అనుమానం పెట్టుకునుడు తప్పేం కాదు. కొత్త ఆటలు గంటలకొద్ది మంచిగ నడిచి, ఒక్క పాత ఆటనే ఆగుతుంటే మాత్రం కార్డు మార్చే ముచ్చటే తియ్యకుర్రి.

ఒక్కోటి మార్చుకుంట పోవాలె

చానమంది పది చిట్కాలు ఒక్కసారే చేస్తరు. ఆట నడిస్తే దేనితోని నడిచిందో తెల్వదు, నడ్వకుంటే దేనితోని ఇంకింత చెడిందో తెల్వదు. ఒక్కటి మార్చాలె, ఆడి చూడాలె, కాకుంటే ఎన్కకు పెట్టాలె. దానికంటే ముందు ఆట ఫోల్డర్, సేవ్ ఫైళ్లు ఇంకో జాగల కాపీ చేసి పెట్టుకోవాలె. నేను పోయే వరుస ఇది.

మొదట, అడ్డం పడేటియి తీసెయ్యాలె. ఆటల లాంచర్లు, చాటింగ్ సాఫ్ట్‌వేర్లు, కార్డు కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆట మీద తమ బొమ్మ గీస్తుంటయి. దాన్నే ఓవర్‌లే అంటరు. అన్నీ బంద్ చేసి చూడుర్రి. రెండే నిమిషాల పని.

రెండోది, తక్కువైన సామాను. డీ3డీఎక్స్9_43 ఫైల్ లేదని ఎర్రర్ వస్తే చానమంది ఏదో సైట్ల ఆ ఒక్క ఫైల్ దించుకొని పెడ్తరు. అట్ల చెయ్యకుర్రి, వైరస్‌లు వచ్చే తొవ్వల్ల అదొకటి. కొత్త విండోస్‌ల డైరెక్ట్ఎక్స్ 12 ఉన్నా ఈ పాత పక్క ఫైళ్లు దాంతోని రావు. మైక్రోసాఫ్ట్ సైట్లనే 2010 జూన్ నాటి డైరెక్ట్ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్ ఉచితంగ దొరుకుతది. అది ఎక్కిస్తే కొత్తదాన్ని చెడగొట్టదు, లేనియి నింపుతది. విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీ గూడ అట్లనే. సిస్టం 64 బిట్‌దే అయినా పాత ఆటకు 32 బిట్ ప్యాకేజీ కావాలె.

మూడోది, డ్రైవర్. పాతది పూర్తిగ తీసేసి కొత్తది ఎక్కించి చూడాలె. మొన్నటిదాంక నడిచి, అప్‌డేట్ అయినంక ఆగితే దాని ముందు డ్రైవర్‌కు ఎన్కకు పోవాలె. కొత్తదే మంచిదని రాసిపెట్టి లేదు.

నాలుగోది, ల్యాప్‌టాప్ ఉన్నోళ్లకు. అందుల రెండు గ్రాఫిక్స్ ఉంటయి, ప్రాసెసర్‌ల ఒకటి, విడిగ ఒకటి. పాత ఆటకు ఏది పట్టుకోవాల్నో తెల్వక ఆగుతది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌ల గ్రాఫిక్స్ అనే కాడ ఆట ఫైల్‌ను చేర్చి, హై పర్ఫార్మెన్స్ అని పెట్టుర్రి.

ఐదోది, పగ్గం ఎయ్యాలె. పాత ఆట మెనూల కొత్త కార్డు సెకనుకు వేల ఫ్రేములు గీస్తది. కొన్ని ఆటల్ల లెక్కలు ఫ్రేముల మీద ఆధారపడి ఉంటయి, స్పీడు పెరిగితే లెక్క తప్పుతది. శాన్ ఆండ్రియాస్‌ల ఫ్రేమ్ లిమిటర్ తీసేస్తే ఈతల, బండ్ల నడకల వింతలు జరిగేది అందుకే. కార్డు కంట్రోల్ ప్యానెల్‌ల ఆ ఆట ఒక్కదానికి 60 ఫ్రేములు, కావాలంటే 30 ఫ్రేములు అని కట్టెయ్యుర్రి.

ఆరోది, మెమరీ. 32 బిట్ ఆటకు మామూలుగ 2 జీబీ జాగనే దొరుకుతది. మీ సిస్టంల 32 జీబీ ర్యామ్ ఉన్నా అంతే. పెద్ద టెక్స్చర్ మోడ్లు ఎక్కిస్తే ఆ 2 జీబీ నిండి ఆట కూలుతది. 4 జీబీ ప్యాచ్ అనే చిన్న టూల్ ఆట ఫైల్‌ల ఒక్క గుర్తు మారుస్తది, 64 బిట్ విండోస్‌ల 4 జీబీ దాంక వాడుకోనిస్తది. ఆడినకొద్ది అరగంటకో గంటకో ఆగే ఆటలకు ఇది మస్తుసార్లు పనిచేస్తది.

ఏడోది, ఇందాక చెప్పిన తర్జుమా చేసేటాయన. డీఎక్స్‌వీకే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డైరెక్ట్ఎక్స్ 8 నుంచి 11 దాంక ఉన్న ఆటల మాటలను వల్కన్‌లకు మారుస్తది. లినక్స్ మీద విండోస్ ఆటలు ఆడేటందుకు పుట్టింది, విండోస్‌ల గూడ చాన ఆటలకు పనికొస్తది. ఇంకా పాతయి, త్రీడీఎఫ్ఎక్స్ కార్డుల కాలంల గ్లైడ్ భాషతోని వచ్చిన ఆటలుంటే డీజీవూడూ 2 ఉన్నది. డైరెక్ట్ఎక్స్ 9 ఆటకైతే డీ3డీ9 అనే డీఎల్ఎల్ ఫైల్‌ను ఆట ఎక్జీ ఫైల్ పక్కన పెడితే సాలు. 32 బిట్ ఫోల్డర్‌ల ఉన్న ఫైలే తీస్కోవాలె, 64 ది పెడితే పాత ఆట లేవదు. నచ్చకుంటే ఆ ఒక్క ఫైల్ తీసేస్తే మళ్ల ఎప్పటి లెక్కనే. ఆన్‌లైన్ ఆటల్ల మాత్రం ఇది పెట్టకుర్రి, మోసం చేస్తున్నరని ఖాతా బంద్ పెట్టొచ్చు. ఇది కొన్ని ఎంబీల ఫైలే. నెట్ సరిగ్గ రాని ఊర్ల 60 జీబీ ఆటను మళ్ల దించుకునుడు ఒక దిక్కు, ఇది ఒక దిక్కు.

ఇన్ని చేసినా సీడీ పెట్టి ఆడే ఆట అసలే లేవకుంటే అది కార్డు కథ కాదు. సేఫ్‌డిస్క్ లాంటి పాత కాపీ తాళాలను విండోస్ 10 నుంచే మైక్రోసాఫ్ట్ నడ్వనిస్తలేదు. భద్రతకు ముప్పని తీసేసింది. పైసలు పెట్టి కొన్న అసలు సీడీ గూడ ఇంట్ల ఉట్టి పళ్లెం అయింది.

కార్డు కంపెనీలు గూడ జవాబు చెప్పాలె

తప్పంతా పాత ఆటదే అని నేను అంటలేను. 2025 జనవరిల వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 50 కార్డులల్ల 32 బిట్ ఫిజ్‌ఎక్స్‌ను తీసేసిన్రు. బ్యాట్‌మన్ ఆర్కమ్ సిటీ, బోర్డర్‌ల్యాండ్స్ 2, మిర్రర్స్ ఎడ్జ్ లాంటి ఆటల్ల అద్దాలు పగులుడు, పొగ, ఎగిరే కాగితాలు దాని మీదనే నడుస్తయి. ఫిజ్‌ఎక్స్ పెట్టి ఆడితే ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడి, కొత్త కార్డు మీద ఆట నత్తలెక్క నడిచింది. అంతకంటే పాత కార్డు ఉన్నోడేమో మంచిగ ఆడుకున్నడు. ఆడేటోళ్లు ఏడాది పొడుగూత అడిగితే, డిసెంబర్‌ల ఎంపిక చేసిన కొన్ని ఆటలకు డ్రైవర్‌ల మళ్ల ఇచ్చిన్రు. అంటే ఇయ్యగలిగిందే, అడిగేదాంక ఇయ్యలేదు. ఇట్లాంటి ఆట ఉంటే ముందు డ్రైవర్ కొత్తది చెయ్యుర్రి, అయినా కాకుంటే ఆట సెట్టింగ్స్‌ల ఫిజ్‌ఎక్స్ బంద్ పెట్టుర్రి.

ఆటలు చేసిన కంపెనీల సంగతి గూడ అంతే. 2021ల జీటీఏ మూడు పాత ఆటలను కొత్తగ చేసి అమ్మేటప్పుడు పాతయి అమ్ముడు ఆపేసిన్రు. కొత్తయి తప్పులతోని వచ్చినయి, జనం లొల్లి పెట్టిన్రు, అప్పుడు పాతయి మళ్ల తమ స్టోర్ల పెట్టిన్రు. అమెరికాల వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023ల లెక్క తీస్తే, 2010 కంటే ముందు అక్కడ విడుదలైన ఆటల్ల 87 శాతం ఇప్పుడు బజార్ల కొందామన్నా దొరకయి. పోలండ్‌ల పుట్టిన జీఓజీ స్టోర్ లాంటోళ్లు పాత ఆటలను కొత్త విండోస్‌ల నడిచేటట్టు చేసి అమ్ముతున్నరు. మిగిలిన భారం ఎక్కువ మోసేది జీతం లేకుండ ప్యాచ్‌లు రాసే మామూలు మనుషులే.

అందుకే ఇంకో మాట గూడ చెప్పాలె. క్రాక్ కాపీలు మన దిక్కు ఎక్కువ, ఎందుకో మనకు తెల్సు. కానీ క్రాక్ ఎక్జీని ఎవడో కోసి కుట్టి ఉంటడు. ప్యాచ్‌లు చేసేటోళ్లు అసలు ఫైల్‌ను చూసి చేస్తరు, అది దీనికి అతకదు. "యాంటీవైరస్ ఆపి ఎక్కించు" అని చెప్పే ఫైల్ ఇంట్ల అమ్మ నాయిన బ్యాంకు పని చేసే కంప్యూటర్ల పెట్టుడంటే తలుపు తీసి పండుకున్నట్టే. పాత ఆటలు సేల్ల చాన తక్కువకు వస్తయి. అసలుది ఉంటే, సగం క్రాష్‌లకు మందు ముందే దొరికినట్టు.

కొందరు "ఆటల కోసం ఇంత తిప్పలా" అంటరు. ఆట ఒక సాకు అనుకోండ్రి. నివేదిక చదువుడు, అనుమానాలు వరుసగ పెట్టుడు, ఒక్కోటి మార్చి చూసుడు, ఎన్కకు పోయే తొవ్వ ఉంచుకునుడు. బోరు మోటర్ ఆగినా, పంచాయతీ ఆఫీసుల ప్రింటర్ ఆగినా చెయ్యాల్సింది గిదే. మండలంల ఈ పని తెల్సిన పోరడు ఒక్కడుంటే పది ఊర్లకు అక్కరకొస్తడు. గా ఒక్కడు మీరే ఎందుకు కాకూడదు? ఇయ్యాల్నే రిలయబిలిటీ హిస్టరీ తెరిచి చూడుర్రి. దుకాణాయన "కార్డు పోయింది తమ్మీ" అంటే, "ఏ మాడ్యూల్ ఫెయిలైందో చూసినవా అన్నా" అని అడగుర్రి. గా ఒక్క ప్రశ్న మీ జేబుల వేల రూపాయలు ఆపొచ్చు.